నాది కాదన్నాక ఎవరిది?

శ్రౌతకర్మల్లో అధ్వర్యువు ఆజ్యాన్ని అగ్నిలో వేసే క్షణాన యజమాని ఒక చిన్న మాట అనాలి. ఈ ద్రవ్యం ఫలానా దేవతది, నాది కాదు అని దాని భావం. నెయ్యి వేసేది ఋత్విక్కు, అది పడేది మంటలో. అయినా ఆ వదులుకోవడం యజమాని నోటనే జరగాలి. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల అగ్రహారాల్లో ఈ మాట ఇరవయ్యో శతాబ్దమంతా వినిపిస్తూనే ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ దశాబ్దాల పాటు గోదావరి డెల్టాకు వస్తూ పోతూ, ఇక్కడి పది వైదిక కుటుంబాల నాలుగు తరాల జీవితాన్ని వాళ్ల మాటల్లోనే సేకరించి 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అనే పుస్తకం తెచ్చాడు.

ఆ చిన్న మాట చుట్టూ మీమాంసకులు చాలా లోతైన చర్చ చేశారు. యాగం, హోమం, దానం మూడింటిలోనూ త్యాగం ఉంది. మరి వాటి మధ్య తేడా ఏమిటి? జైమిని మీమాంసా సూత్రాలకు శబరస్వామి రాసిన భాష్యం ఇచ్చే సమాధానం క్లుప్తంగా ఇది. దేవతను ఉద్దేశించి తన సొంతదనాన్ని వదులుకోవడంతో యాగం పూర్తవుతుంది. వదిలినదాన్ని అగ్నిలో వేస్తే హోమం. దానానికి మాత్రం వదులుకోవడం ఒక్కటే చాలదు. ఆ వస్తువు మీద ఎదుటివాడికి స్వత్వం ఏర్పడాలి. గోవును వదిలేసినంత మాత్రాన గోదానం కాదు, పుచ్చుకున్నవాడి పెరట్లో అది కట్టుబడాలి.

ఈ తేడాను పట్టుకుని చూడదగిన పని ఒకటి ఇప్పుడు ప్రపంచమంతటా రోజూ జరుగుతోంది. పరిశోధకులు తాము కొలిచిన అంకెల్నీ, చేసిన సర్వేల్నీ, తీసిన చిత్రాల్నీ రిపాజిటరీలనే డిజిటల్ భాండాగారాల్లో అందరికీ అందుబాటులో పెడుతున్నారు. యూరప్‌లోని సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో అలాంటిదే. ఫైలు ఎక్కించి ప్రచురించగానే దానికి డీఓఐ అనే శాశ్వత సంఖ్య వస్తుంది. అంతకుముందే లైసెన్సు ఎంచుకోవాలి. లైసెన్సుల్లో సీసీ జీరో అనే దానికి అర్థం, దీని మీద నాకున్న హక్కులన్నీ వదులుకుంటున్నాను అని. యజమాని అన్న మాటకూ దీనికీ పెద్ద దూరం లేదు. అయితే పరిశోధకుడు అక్కడ చేసింది యాగమా, దానమా?

ప్రశ్న పాండిత్య వినోదంలా కనిపించవచ్చు. కానీ ప్రజల సొమ్ముతో, ప్రజల జీవితాల మీద జరిగే పరిశోధనలో ఎవరి బాధ్యత ఎక్కడ తీరుతుందన్నది ఈ సమాధానం మీదే ఆధారపడి ఉంది.

ముందుగా దాచడం సంగతి. 2014లో ‘కరెంట్ బయాలజీ’లో టిమ్ వైన్స్ బృందం ప్రచురించిన లెక్క ఒక్కటి చాలు. రెండేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల వయసున్న 516 పరిశోధన పత్రాలను తీసుకుని, వాటి మూల డేటా ఇమ్మని రచయితల్ని అడిగారు. పత్రం వయసు ఏడాది పెరిగినకొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశాల నిష్పత్తి (ఆడ్స్) 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చింది. ఈమెయిల్ చిరునామాలు పనిచేయవు, ఫ్లాపీలు చదివే యంత్రాలు ఉండవు, ఆచార్యుడు రిటైరవుతాడు, బీరువా ఖాళీ చేస్తారు. సైన్సు తన సాక్ష్యాన్ని తానే పారేసుకుంటోందన్న మాట.

దాచడంలో కోనసీమ వేదపండితులను మించినవాళ్లు అరుదు. ఇక్కడి కుటుంబాలు ఎక్కువగా కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖవి. ఏడేళ్ల వయసులో మొదలుపెట్టిన పిల్లవాడికి సంహిత కంఠస్థం కావడానికి ఎనిమిది నుంచి పన్నెండేళ్లు పడుతుందని నైప్ రాశాడు. ఆపై క్రమం, జట, ఘన. ఘనపాఠంలో పదాల నడక చూస్తే దాని వెనుక ఉన్న జాగ్రత్త తెలుస్తుంది: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు. ఆపై రెండో పదం దగ్గర మొదలుపెట్టి అదే వరస. ఒక్క అక్షరం జారినా, ఒక్క స్వరం తప్పినా తిరగేసి చెప్పేటప్పుడు దొరికిపోతుంది. డేటావర్స్, జెనోడో వంటి రిపాజిటరీలు ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే సంఖ్య లెక్కగట్టి ఉంచేది ఇందుకే. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవాళి మౌఖిక వారసత్వంలో అపురూపమైనదిగా ప్రకటించింది. దానికి ప్రాచీనత ఒక్కటే కారణం కాదు, ఈ కచ్చితత్వమూ ఉంది.

మరి పంచడం? అక్కడే చిక్కు. ఇంత పకడ్బందీగా కాపాడిన భాండాగారం చాలామందికి మూసి ఉంది. స్త్రీలకు, శూద్రులకు అధ్యయనాధికారం లేదన్నారు. ఊరి చివర పేటల వాళ్ల ప్రసక్తే లేదు. జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ఈ అధికార చర్చ ఉంది. బాదరి అనే ఆచార్యుడు అందరికీ అధికారం ఉంటుందన్నాడు. జైమిని ఆ మాటను ఒప్పుకోలేదు, కానీ సూత్రంలోనే నమోదు చేశాడు. ఓడిన వాదాన్ని కూడా పేరుతో సహా దాచిపెట్టడం పూర్వపక్షమనే పద్ధతికి ఉన్న గొప్ప గుణం. ఫలించని ప్రయోగాల డేటాను కూడా ఉంచండని ఇవాళ రిపాజిటరీల వాళ్లు బతిమాలుకుంటున్నది ఈ గుణం కోసమే. ఫలించినవే ప్రచురించే పత్రికల వల్ల, ఒకరు చేసి విఫలమైన ప్రయోగాన్నే మరొకరు మళ్లీ డబ్బు పోసి చేస్తుంటారు.

బాదరి మాట మాత్రం రెండు వేల ఏళ్లు సూత్రంగానే మిగిలింది. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్నప్పుడు ఆ ఏడాది మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ పేరుగల మనిషికి బడిలో సంస్కృతం చదువుకోనివ్వక పారశీకం చెప్పారు. ఆయన తరువాత సొంతంగా సంస్కృత గ్రంథాల్లోకి వెళ్లాడు. చక్కగా దాచిన జ్ఞానం, అడిగినవాడికి దక్కని జ్ఞానం ఒకటే కావచ్చునన్న సంగతికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ జిల్లాకు అక్కర్లేదు.

తెలుగు పుస్తకాల విషయంలో మరో పాఠం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు పూనుకున్నాడు. దాని భారతీయ శాఖ అయిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సహా అనేక కేంద్రాల్లో స్కానింగ్ జరిగింది. వేలాది పాత తెలుగు పుస్తకాలు తెరమీదికి వచ్చాయి. కొన్నేళ్లకు ఆ సైటే తెరుచుకోవడం మానేసింది. అప్పటికి ఆ పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండబట్టి ఇవాళ పాఠకుడు వాటిని అక్కడ చదువుకుంటున్నాడు. ఒక్క చోట ఉన్నది ఎంత ప్రభుత్వానిదైనా ఉన్నట్టు కాదు. వేదం నిలిచింది ఒక్క గొంతులో కాదు, ఊరూరా ఉన్న గొంతుల్లో.

ఇక కొలతల సంగతి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోనసీమ భూమి పుట్టిందే ఒండ్రుతో. ఆ ఒండ్రు ఇప్పుడు ఎంత వస్తోంది? ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌగోళిక శాస్త్రజ్ఞుడు కాకాని నాగేశ్వరరావు తన సహచరులతో కలిసి 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970 దశకంలో 15 కోట్ల టన్నులుండగా 2000-2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువన కట్టిన ఆనకట్టల వెనుక అది ఆగిపోతోంది. కృష్ణా, గోదావరి జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో 1965 నుంచి 2008 దాకా నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కడలిపాలైందని ఆ బృందం తేల్చింది.

ఈ లెక్కకు కావలసినవి రెండే: నది మీద ఏళ్ల తరబడి తీసిన ఒండ్రు కొలతలు, తీరం పాత పటాలూ ఉపగ్రహ చిత్రాలూ. ఉపగ్రహ చిత్రాల కథ డేటా చరిత్రలోనే ఒక మలుపు. అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రం ఒక్కోటి ఒకప్పుడు 600 డాలర్లు. 2008లో ఆ భాండాగారం మొత్తాన్ని ఉచితం చేశారు. అప్పటి నుంచి విశాఖలో పరిశోధక విద్యార్థి అయినా, అమలాపురంలో డిగ్రీ చదివే పిల్ల అయినా, అంతర్వేది దగ్గర తీరం 1980ల్లో ఎక్కడుందో ఇప్పుడెక్కడుందో పైసా ఖర్చు లేకుండా పక్కపక్కన పెట్టి చూడవచ్చు. తీసినవాళ్లు ఎన్నడూ ఊహించని ప్రశ్నలకు ఆ చిత్రాలు సమాధానమిస్తున్నాయి. డేటా తెరిచి ఉంచడానికి ఉన్న బలమైన కారణం ఇదే: సేకరించినవాడికి తట్టని ప్రశ్న మరొకడికి తడుతుంది.

కొబ్బరి మాట చెప్పకుండా కోనసీమ గురించి రాయలేం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో తూర్పు తీర పొడవు రకాన్నీ గంగబొండాన్నీ సంకరపరిచి గోదావరి గంగ అనే రకం తయారుచేశారు. ఇలాంటి పని వరి మీద చేసినట్టు నాలుగైదు పంటల్లో తేలదు. చెట్టు కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. నలభై అయిదు రోజులకు ఒకటి చొప్పున ఏడాదికి ఎనిమిది దాకా దింపులు. ప్రతి దింపులోనూ ఏ చెట్టుకు ఎన్ని కాయలన్నది రాసుకోవాలి, పిందె రాలుడు రాసుకోవాలి, ఎండుకొబ్బరి తూకం రాసుకోవాలి. ఒక రకం మంచిదని చెప్పగలగడానికి దశాబ్దాల అంకెలు వెనకుండాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను విరుచుకుపడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ తోటల్ని పడగొట్టింది. పడిపోయిన చెట్టు గత ముప్పై ఏళ్లలో ఎంత కాసిందో మళ్లీ కొలవడం బ్రహ్మతరం కాదు. ఆ చెట్టు తాలూకు మిగిలేది రాసుకున్న అంకె ఒక్కటే. ఇలాంటి రిజిస్టర్లు ఎవరి బల్ల సొరుగులో ఉన్నాయన్నది అందుకే ధర్మప్రశ్న అవుతుంది.

తైత్తిరీయ సంహిత చెప్పే ఋణత్రయం ఇక్కడ పనికొస్తుంది. బ్రాహ్మణుడు మూడు అప్పులతోనే పుడతాడట: దేవతలకు, పితృదేవతలకు, ఋషులకు. ఋషి ఋణం తీరేది బ్రహ్మచర్యంతో, అంటే అధ్యయనంతో. తాను నేర్చింది తరువాతి వాడికి చెప్పే ఆచార్యుల వల్లనే అధ్యయనం సాగుతుంది కనుక అప్పు వెనక్కి కాక ముందుకు తీరుతుంది. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చేసే హితవులో, చదవడాన్నీ చెప్పడాన్నీ మానవద్దన్నది ముఖ్యమైనది. పాత డేటా మీద నిలబడి కొత్త ఫలితం తేల్చిన పరిశోధకుడు తన డేటాను వెనకవాళ్లకు వదలకపోతే ఈ లెక్కన బాకీదారే.

అయితే ఈ సంప్రదాయ లెక్కలో ఒక అప్పు లేదు. అంకె ఎవరి నుంచి వచ్చిందో వాళ్ల అప్పు.

హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో దక్కన్ గ్రామాల్లో ఒక సర్వే మొదలుపెట్టింది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె వాటిలో ఒకటి. పరిశోధకులు ఊళ్లోనే మకాం పెట్టి, కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి, ఏం విత్తారు, ఎంత పండింది, ఎంత కూలి వచ్చింది, ఏం తిన్నారు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు అని అడిగి రాసుకున్నారు. ఆ డేటాను ప్రపంచానికి తెరిచారు. దాని మీద ఆధారపడే 1994లో రాబర్ట్ టౌన్సెండ్ పల్లెటూళ్లలో కష్టకాలాన్ని జనం ఒకరికొకరు ఎలా పంచుకుంటారన్న ప్రసిద్ధ పత్రం రాశాడు. అర్థశాస్త్రంలో ఎందరో డాక్టరేట్లు ఈ గ్రామాల అంకెలతోనే సంపాదించారు. ఇళ్లవాళ్ల పేర్లు తీసి సంకేత సంఖ్యలు వేశారు, అది న్యాయమే. ఇంటి అప్పు, ఇంటి ఆకలి నడిబజారులో పెట్టదగినవి కావు.

పాత్రత అనే మాట ఇక్కడ కొత్త అర్థంతో తిరిగి వస్తుంది. దానం పుచ్చుకునేవాడికి పాత్రత ఉండాలని ధర్మశాస్త్రాలు పట్టుబట్టాయి. అది చాలాసార్లు పుట్టుక చూసే నెపమైంది. రోగుల వివరాలు, జన్యు సమాచారం, నిరుపేద కుటుంబాల లెక్కలు ఎవరికి ఇవ్వాలి అన్నప్పుడు మాత్రం ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. అడిగేవాడు ఎవరన్నది కాక, దేనికి వాడతాడు, ఎవరికి హాని కలుగుతుంది అన్నది చూడాలి. 2019లో వచ్చిన కేర్ సూత్రాలు ఆదివాసీ సమూహాల డేటా మీద ఆ సమూహాలకే మాట ఉండాలంటాయి. అంతకుముందు 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాలు డేటా వెతికితే దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, తిరిగి వాడుకోవడానికి పనికిరావాలి అన్నాయి. మీమాంస భాషలో ఫెయిర్ అంటే పుచ్చుకోవడానికి వీలుగా ఇవ్వడం. కేర్ అంటే అసలు ఇచ్చినవాడెవడో మరిచిపోకపోవడం.

ఎదురువాదమూ ఉంది. ఏళ్ల తరబడి ఎండలో తిరిగి పోగుచేసిన అంకెల మీద ఇంకెవరో ఏసీ గదిలో కూర్చుని పత్రం రాసి పేరు తెచ్చుకుంటారని చిన్న విశ్వవిద్యాలయాల పరిశోధకులు భయపడతారు. ఈ భయాన్ని స్వార్థమని కొట్టిపారేయలేం. త్యాగం చెయ్యాల్సింది ఎప్పుడూ బీద యజమానేనా అన్న ప్రశ్న అందులో ఉంది. డేటాకు డీఓఐ ఇవ్వడం, వాడినవాళ్లు దాన్ని ఉదహరించి తీరాలనడం, కొంతకాలం గడువు పెట్టి తరువాత తెరవడం అందుకు పుట్టిన ఏర్పాట్లు. పదోన్నతుల్లో డేటాను పత్రంతో సమానంగా లెక్కించేదాకా భయం పూర్తిగా పోదు.

తెరవని తలుపులకు వేరే కారణాలూ ఉంటాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలింది. గ్యాస్ తోడటం వల్ల తమ నేల కుంగుతోందా అన్న అనుమానం అప్పటి నుంచీ కోనసీమ రైతుల్లో ఉంది. 2009లో ‘నేచర్ జియోసైన్స్’లో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచంలో మునిగే ముప్పున్న డెల్టాల్లో గోదావరినీ చేర్చింది. ఒండ్రు తగ్గడం ఎంత, గ్యాస్ తోడటం ఎంత అని విడదీసి చెప్పాలంటే ఏ బావిలో ఎంత తోడారు, ఏ ఊళ్లో నేలమట్టం ఏటా ఎంత మారింది అన్న అంకెలు పక్కపక్కన ఉండాలి. 2017లో కేంద్రం చమురు అన్వేషణ సమాచారానికి జాతీయ డేటా రిపాజిటరీ ప్రారంభించింది. అన్వేషణకు ముందుకొచ్చే కంపెనీలను రప్పించడం దాని ముఖ్యోద్దేశం. రాజోలు రైతు ప్రశ్న దాని చిరునామాలో లేదు.

అంటే రిపాజిటరీ ఉన్నంత మాత్రాన దానం జరిగినట్టు కాదు. ఎవరిని ఉద్దేశించి వదిలారన్నది ముఖ్యం. పుచ్చుకున్నవాడికి అది సొంతమవ్వాలంటే భాష కావాలి, వివరణ కావాలి. అమలాపురం దగ్గరి ఇందుపల్లిలో పుట్టిన పుల్లెల శ్రీరామచంద్రుడు జీవితమంతా ఈ రెండో సగం పనే చేశాడు. సంస్కృత శాస్త్రాలూ కావ్యాలూ అచ్చులో అందరికీ దొరుకుతూనే ఉన్నాయి, వాటిని చదివి తనవి చేసుకోగల తెలుగు పాఠకుడు లేడు. ఆయన రామాయణానికి ప్రతిపదార్థం రాశాడు, అలంకార గ్రంథాలనూ వేదాంత భాష్యాలనూ తెలుగు చేశాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది. అధికారం లేదన్న తలుపును వాదించి కాక, అనువదించి తెరిచిన మనిషి.

కోనసీమ జనం పూర్తిగా పుచ్చుకున్న డేటా కూడా ఒకటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. భద్రాచలంలో 43, 48, 53. లంక గ్రామాల్లో బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా ఈ అంకెలు నోటికి వచ్చు. భద్రాచలం అంకె వినగానే కనకాయలంక కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో, పశువుల్ని ఏ పూట గట్టెక్కించాలో లెక్కవేసుకుంటారు. 2022 జూలైలో భద్రాచలం 70 అడుగులు దాటినప్పుడు 1986 వరదతో పోల్చి చూసుకున్నారు. వాళ్లకు గణాంకశాస్త్రం ఎవరూ చెప్పలేదు. అంకె సమయానికి వచ్చింది, తెలుగులో వచ్చింది, తమ ఊరి గట్టుతో ముడిపడి వచ్చింది, ఏళ్ల తరబడి ఆగకుండా వచ్చింది.

వరద అంకెకు దక్కిన ఈ మర్యాద ఒండ్రు అంకెకు దక్కలేదు. 15 కోట్ల టన్నులు 5.7 కోట్లకు పడిపోవడం ఓడలరేవుకూ అంతర్వేదికీ వరదకన్నా పెద్ద వార్త. అది ఇంగ్లీషు పత్రికలో, చందాదారుల గడప లోపల ఉంది. జెనోడోలోనైనా డేటావర్స్‌లోనైనా ఫైలుతో పాటు పెట్టే వివరణను తెలుగులో రాయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. తీరం గీతలు, ఒండ్రు లెక్కలు, దింపు రిజిస్టర్లు, నేలమట్టాలు ఒక్కో మండలం పేరుతో విడదీసి, ఏ అంకెకు ఏమిటర్థమో రెండు పేజీల్లో చెబుతూ పెట్టే పని జిల్లాలోని డిగ్రీ కళాశాలల విద్యార్థులు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా చేయగలరు. ఉచితంగా ఉన్న ఉపగ్రహ చిత్రాలతో మొదలుపెడితే, మొదటి ఏడాదికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. గ్యాస్ బావుల అంకెలు అడగాల్సి వచ్చేది ఆ తరువాత. అప్పటికి అడిగేవాళ్ల చేతిలో తమ ఊరి తీరం పటం ఉంటుంది.